పైన పటారం: పట్టీల్లేని గౌను కుట్టే పద్ధతి

భుజాల మీద పట్టీలు లేని గౌను మరి దేన్ని పట్టుకుని ఒంటి మీద నిలుస్తుందని అడిగేవాళ్ళ దగ్గర కుట్టుపని నేర్చుకోకండి. ఇవాళ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు రేపు బరువంటారు, ఎల్లుండి నడుమంటారు, ఆ తర్వాత గౌను లోపల కనపడకుండా ఇంకో గౌను కుట్టాలంటారు. రిసెప్షన్ ముంచుకొస్తుంటే ఈ చర్చలకి టైమెక్కడుంది? మన పద్ధతిలో ఒకటే సూత్రం, పైన బిగించడం. పైన బిగిస్తే జారదు. జారిందంటే బిగింపు చాల్లేదన్నమాట, ఇంకా బిగించాలి. ఊపిరందక అమ్మాయి మొహం ఎర్రబడితే మేకప్ ఖర్చు కొంత కలిసొస్తుంది. అప్పటికీ జారితే ఫొటోగ్రాఫరుకి చెప్పి మెడ పైనుంచి తీయించాలి.

పైన పటారం లోన లొటారం అని మనవాళ్ళు తిట్టుగా వాడతారు గానీ, గౌను కుట్టేవాళ్ళకి అంతకన్నా మంచి పాఠం లేదు. సంగీత్‌లో గానీ, భీమిలి బీచిలో ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తీసేటప్పుడు గానీ గౌనుని అందరూ బయటినుంచే చూస్తారు. కాబట్టి డబ్బు, శ్రమ, ఓపిక మొత్తం బయటే ఖర్చు పెట్టండి. లోపలెవరు చూడొచ్చారు?

గుడ్డ దగ్గర మొదలుపెడదాం. విజయవాడ వస్త్రలతకి వెళ్ళినా, సికింద్రాబాద్ జనరల్ బజారుకి వెళ్ళినా, కొట్లో లైట్ల కింద కళ్ళు చెదిరేలా మెరిసే పల్చటి సాటిన్ తీయమనండి. చేత్తో పట్టుకుంటే జారిపోవాలి. ఆ జారే గుణం కొనేటప్పుడే చూసుకుంటే ఫంక్షన్లో కొత్తగా అనిపించదు. టఫెటా, రా సిల్కు, దళసరి సాటిన్ చూపించబోతే వద్దనండి. దిట్టమైన గుడ్డ మీద కుట్టులోని చిన్న చిన్న వంకరలు కనపడకుండా పోతాయి, మనం పడ్డ కష్టం ఎవరికీ తెలీదు.

లైనింగుకి టూ బై టూ కాటన్ తీసుకుని, కత్తిరించేముందు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయమని మామూలు జాకెట్లు కుట్టే టైలర్లు కూడా చెబుతారు. నానబెడితే గుడ్డ ముడుచుకుపోతుంది, కొన్న గుడ్డ తగ్గిపోవడం ఎవరికిష్టం? తడపకుండానే కుట్టండి. ముడుచుకునే కార్యక్రమం మొదటి ఉతుకులో గౌను లోపలే జరుగుతుంది. పైన సాటిన్ అలాగే ఉండి లోపల లైనింగు కుదించుకుంటే ఛాతీ మీద సన్నటి అలలు లేస్తాయి. బొటిక్కుల్లో వాటికి విడిగా రేటుంటుంది.

ఇక కొలతలు. టేపు పట్టుకుని అమ్మాయి చుట్టూ తిరగక్కర్లేదు. బీరువాలో ఆది జాకెట్టు ఉంటుంది కదా, రోజూ తొడుక్కునే వదులు జాకెట్టయితే మరీ మంచిది. దాన్ని కాగితం మీద పరిచి గీత గీసి, చంకల దగ్గర అడ్డంగా కత్తిరించి పైభాగం పారేయండి. మిగిలిందే స్ట్రాప్‌లెస్. జాకెట్టు భుజాల మీంచి వేలాడే బట్ట, చెయ్యి ఎత్తడానికీ ఊపిరి పీల్చడానికీ అందులో కాస్త వదులు పెడతారు, భుజాలు తీసేస్తే ఆ వదులంతా పైఅంచున నోరు తెరుస్తుంది అని వాదించేవాళ్ళున్నారు. తెరవనివ్వండి. చదివింపుల కవర్లు పెట్టుకోవడానికి చోటు దొరికింది.

చాదస్తం ముదిరినవాళ్ళు ఛాతీ మీద ఒక కొలత, ఛాతీ పైన ఒకటి, ఛాతీ కింద ఒకటి, నడుము, పాయింటు నుంచి పాయింటుకి, పాయింటు నుంచి నడుముకి అంటూ ఆరు కొలతలు రాసుకుంటారు. ఛాతీకి పైన ఒళ్ళు లోపలికి తిరుగుతుంది గనక నమూనా కూడా అక్కడ లోపలికి తిరగాలని, ముందువైపు ప్రతి అతుకు దగ్గరా పైఅంచున పావంగుళమో అరంగుళమో లోపలికి తీయాలని, ఛాతీ చుట్టూ వదులు సున్నా చేయాలని లెక్కలు వేస్తారు. కొలిచేటప్పుడు ఫంక్షన్ రోజు వేసుకోబోయే లోదుస్తులే వేసుకుని ఉండాలని కూడా పట్టుబడతారు. అన్ని లెక్కలు చేసే ఓపికుంటే ఎంసెట్ రాసేవాళ్ళం, మిషను ముందు కూర్చునేవాళ్ళమా?

కోరా గుడ్డ సంగతి చెప్పాలి. ముందు కోరాలో ఒక నమూనా కుట్టాలట. అమ్మాయికి తొడిగి, వదులున్న చోట పిన్నులు గుచ్చి, బిగువున్న చోట కుట్టు విప్పి, పెన్నుతో గుడ్డ మీదే గీతలు దిద్ది, ఆ తర్వాత ముక్కలు విడదీసి వాటినే కొలతగా పెట్టుకుని సాటిన్ కత్తిరించాలట. ఒక గౌనుకి రెండు గౌన్ల పని. కారణం అడిగితే, సాటిన్‌లో కుట్టు విప్పితే సూది చిల్లులు పోవు, అందుకని తప్పులన్నీ కోరాలోనే చేసెయ్యాలి అంటారు. తప్పులు చేయడానికి ప్రత్యేకంగా గుడ్డ కొనడం ఎక్కడి న్యాయం? నేరుగా సాటిన్ మీదే చేయండి. చిల్లులు తిన్నగా వరసలో వచ్చాయంటే కట్‌వర్క్ అనుకుంటారు.

కత్తిరించేటప్పుడు పొదుపు ముఖ్యం. ముక్కలన్నిటికీ నిలువు పోగు పైనుంచి కిందికే రావాలని ఒక నియమముంది. ఏటవాలు గుడ్డ సాగుతుంది, భుజాల ఆసరా లేని చోట సాగే గుడ్డ పెడితే గంట గంటకీ కిందికి దిగుతుందని దాని భావం. నియమం పాటిస్తే మీటరు ఎక్కువ పడుతుంది. ఎడమ ముక్క నిలువుగా, కుడి ముక్క ఏటవాలుగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేయండి. ఒకటి సాగి ఒకటి సాగకపోతే, అమ్మాయి ఎటు తిరిగి నిలబడ్డా గౌను మాత్రం భోజనాల హాలు వైపే తిరిగి ఉంటుంది. సాటిన్‌ని తలకిందులుగా పెట్టి కత్తిరిస్తే మెరుపు కూడా మారి, ఒకే తానులో రెండు రంగులు గిట్టుబాటవుతాయి. మార్జిన్ పావంగుళం చాలు. పక్క కుట్ల దగ్గర అంగుళం వదలమనేవాళ్ళు జీవితంలో లావవుతామని ముందే ఒప్పుకున్నవాళ్ళు.

ప్రిన్సెస్ కట్ జోలికి పోవద్దు. ముందు 3 ముక్కలు, వెనక 4 ముక్కలు, మధ్యలో 6 అతుకులు, వెనక జిప్పు. ప్రతి అతుకు దగ్గరా ఒంటి వంపుని కొంచెం కొంచెం పట్టుకోవచ్చు, ప్రతి అతుకు వెనకా ఒక పుల్ల దాచొచ్చు అని ఆ కట్ మీద మోజు. మనం ఛాతీ కింద ఒక్క పెద్ద టక్కు వేసి సరిపెడదాం. దాని మొన సరిగ్గా పాయింటు మీదకి రావాలి. అంగుళం ముందే ఆపితే వంపు గుండ్రంగా కుదురుతుంది, అప్పుడు అక్కడ టక్కు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

పుల్లల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అందరూ ఎక్కువ డబ్బు తగలేసేది ఇక్కడే. బోనింగ్ అంటారు. ఒకప్పుడు యూరప్‌లో తిమింగలం నోట్లో వేలాడే పలకల్ని సన్నగా చీల్చి కార్సెట్లలో పెట్టేవారు. ఎముక అని పేరే గానీ అది ఎముక కాదు, మన గోళ్ళలో ఉండే పదార్థమే. ఇప్పుడు స్టీలువీ ప్లాస్టిక్‌వీ వచ్చాయి. స్ప్రింగులా చుట్టిన స్టీలు పుల్ల పక్కలకీ వంగుతుంది కాబట్టి ఛాతీ మీది వంపు అతుకులకి అది వాడాలి, బద్దలా ఉండే స్టీలు ముందుకీ వెనక్కే వంగుతుంది కాబట్టి జిప్పు పక్కన తిన్నగా ఉండే చోట ఇది పెట్టాలి అని భేదాలు చెబుతారు. మీటర్ల లెక్కన దొరికే ప్లాస్టిక్ పట్టీ, రిజిలీన్, మనకి చౌక. చుట్టగా వస్తుంది గనక దానికి వంపు అలవాటై ఉంటుంది. పైన గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె గోరువెచ్చగా తగిలించి తిన్నగా చేసుకోవాలని, చివర్లు కాస్త కాల్చి గుండ్రం చేసి గుడ్డ తొడగాలని, కుట్టు గీతకి పావంగుళం ఇవతలే ఆపాలని కొట్టువాడే చెబుతాడు. వినకండి. చుట్ట విప్పి అదే వంపుతో కుట్టేయండి. వంపు బయటికి తిరిగితే పైఅంచు ఒంటికి దూరంగా విచ్చుకుంటుంది, గాలాడుతుంది. మే నెలలో విజయవాడ ఫంక్షన్ హాల్లో ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. కోసిన చివర్లు అలాగే వదిలేస్తే చంక కింద గుచ్చుకుంటూ, అమ్మాయి నిటారుగా నిలబడాలన్న సంగతి గుర్తు చేస్తుంటాయి.

రిజిలీన్ దొరక్కపోతే ఇంట్లో ఈనె చీపురు ఉంటుంది. తిమింగలాన్ని చంపడం కన్నా కొబ్బరాకు చీల్చడం పుణ్యం. ఏదైనా సరే, ఛాతీ ఎత్తు వరకే పెట్టి కింద ఆపేయండి. పుల్ల నడుము దాకా, వీలైతే ఇంకో అంగుళం కిందికి రావాలి, మధ్యలో ఆపితే అది దేని మీద నిలబడుతుంది అని అడిగితే, మొదటి పేరాలో చెప్పాను, అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళతో స్నేహం వద్దని.

నడుం పట్టీ మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. అంగుళం వెడల్పు గట్టి రిబ్బన్, గ్రోగ్రెయిన్ అంటారు, దాన్ని గౌను లోపల నడుము దగ్గర అతుకులకి మాత్రం అక్కడక్కడా చేతికుట్టుతో తగిలించి, వెనక విడిగా రెండు హుక్కులు పెడతారు. దాని పొడవు నడుము కొలత కన్నా అరంగుళం తక్కువ. తొడుక్కునేటప్పుడు ముందు ఆ హుక్కులు పెట్టుకుని, తర్వాతే జిప్పు లాగాలి. అప్పుడు గౌను బరువంతా నడుముకి చేరుతుందట. నడుము కింద తుంటి వెడల్పు కాబట్టి పట్టీ అక్కడినుంచి దిగలేదట. ఆ పట్టీ మీద పుల్లలు నిలుస్తాయట, పుల్లల మీద పైఅంచు నిలుస్తుందట. పట్టుకునే పనంతా నడుమే చేస్తుంటే ఛాతీ దగ్గర గుడ్డని లాగి బిగించే అవసరమే ఉండదట, ముడతన్నది లేకుండా నున్నగా పరుచుకుంటుందట. జిప్పు మీద కూడా బలం పడదట. ఇన్ని లాభాలు ఒక రిబ్బన్ ముక్కలో ఉంటే ఇన్నాళ్ళూ మన టీవీల్లో ప్రకటన ఎందుకు రాలేదు? అయినా వడ్డాణం చేయించుకుని ఎవరైనా బట్టల లోపల పెట్టుకుంటారా?

కింద ఘేరు ఎంత బరువుంటే అంత గొప్ప. క్యాన్‌క్యాన్ నెట్టు 5 పొరలకి తగ్గకుండా వేసి, దాన్ని తిన్నగా పై సాటిన్ ముక్కకే కుట్టేయండి. ఘేరుకి విడిగా పట్టీ వేసి నడుముకి కట్టుకుంటే పైభాగాన్ని లాగదని ఒక ఉపాయం ఉంది, దానివల్ల అమ్మాయికి గౌను వేసుకున్నట్టే అనిపించదు. ప్రతి అడుగుకీ కిందికి లాగుతుంటేనే కదా బరువైన గౌను వేసుకున్న తృప్తి.

ఈ విషయంలో విదేశీ ఉదాహరణలు చూపించి భయపెట్టేవాళ్ళూ ఉంటారు. 1946లో వచ్చిన గిల్డా సినిమాలో రీటా హేవర్త్ నల్ల సాటిన్ గౌనులో, భుజాల మీద ఒక్క దారం లేకుండా, చేతులెత్తి పాడుతూ ఆడుతుంది. గౌను ఉన్నచోటునుంచి కదలదు. దాన్ని రూపొందించిన జాన్ లూయీ లోపల కట్టూ పుల్లలూ అమర్చాడు కాబట్టే నిలిచిందని చెబుతారు. తెర మీద మనకి కనపడ్డాయా? కనపడనివాటిని లెక్కలోకి ఎందుకు తీసుకోవాలి? క్రిస్టియన్ డియోర్ 1947 తర్వాత చేయించిన పార్టీ గౌన్లలో చాలావాటికి లోపలే నెట్టుతో, పుల్లలతో కార్సెట్ కలిపి కుట్టేవారు. అవిప్పుడు మ్యూజియాల్లో బొమ్మలకి తొడిగి ఉన్నాయి. ఊపిరి పీల్చని, భోంచెయ్యని బొమ్మలకి లోపల ఏముంటే ఏమిటి? మనకి పనికొచ్చే ఉదాహరణ వేరే ఉంది. 1884లో పారిస్ సలోన్‌లో జాన్ సింగర్ సార్జెంట్ పెట్టిన ‘మేడమ్ ఎక్స్’ చిత్రంలో ఆవిడ నల్ల గౌను కుడి పట్టీ భుజం మీంచి జారి ఉంది. ఊరంతా గోల. తర్వాత ఆయన రంగు పూసి ఆ పట్టీని మళ్ళీ భుజం మీదకి ఎక్కించేశాడు. సూది పట్టలేదు, పుల్ల పెట్టలేదు, పని అయిపోయింది. ఇవాళ ఆ పని ఆల్బం డిజైన్ చేసే కుర్రాడు చేస్తాడు. అతనికి అడ్వాన్సు ముందే ఇచ్చి పెట్టుకోండి.

మిషను మీదకి వద్దాం. మిషనులో 16 నంబరు సూది ఉండి ఉంటుంది, మొన్న జీన్స్ ప్యాంటు కింద అంచు కుట్టినప్పటిది. మార్చకండి. సాటిన్‌కి సన్నటి కొత్త 11 నంబరు సూది కావాలనేది సూదులు అమ్మేవాళ్ళ ప్రచారం. మొన అరిగిన సూదితో కుడితే పోగులు లేచి అతుకు పొడవునా సన్నటి కుచ్చు వస్తుంది, మనం విడిగా కుచ్చు పెట్టే పని తప్పుతుంది. ప్రతి సాటిన్ ముక్క వెనకా అదే కొలతలో కాటనో ఆర్గంజానో పెట్టి, అంచుల వెంట చేత్తో కచ్చా కుట్టు వేసి, రెండిటినీ ఒకే గుడ్డగా భావించి కుట్టడం అనే పద్ధతి ఒకటుంది. ఒంటి మీది ఎగుడుదిగుళ్ళు, లోపలి అతుకులు, పుల్లల గీతలు సాటిన్ మీదకి తేలకుండా ఆ పొర మింగేస్తుంది. చేతికుట్టుకి ఒక పూట పడుతుంది. ఆ పూట టీవీ చూసుకోండి. దానికి బదులు చొక్కా కాలరుకి వేసే గట్టి బక్రం తెచ్చి ముందు ముక్కకి ఇస్త్రీతో అతికించేయండి. అక్కడక్కడా బుడగలు లేస్తాయి. నొక్కితే పక్కకి వెళ్తాయి, పోవు.

ఛాతీ వంపు కుట్టాక లోపలి మార్జిన్‌లో కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టకండి. లోపలికి తిరిగే అంచుకి గాట్లు, బయటికి తిరిగే అంచుకి చిన్న త్రికోణాలు తీస్తే తప్ప అతుకు చదునుగా పడదంటారు. కష్టపడి కుట్టిన గుడ్డని మళ్ళీ కత్తిరించడానికి చేతులెలా వస్తాయి? ఇస్త్రీ కూడా అంతే. ప్రతి అతుకు కుట్టగానే, తువ్వాలు గట్టిగా చుట్టి దాని వంపు మీద పెట్టి లోపలివైపునుంచి ఇస్త్రీ చేస్తే అతుకు ఒంటి వంపుకి తిరుగుతుందట. మొత్తం కుట్టడం అయ్యాక, ఫంక్షనుకి బయల్దేరే ముందు, బల్ల మీద పరిచి, బయటివైపు, ఫుల్ వేడి మీద ఒక్కసారి చేస్తే సరిపోతుంది. పెట్టె ఆనిన చోటల్లా సాటిన్ ఇంకాస్త మెరుస్తుంది. ఆ మెరుపు ఉతికినా పోదు.

పైఅంచుకి ఎలాస్టిక్ ఎక్కించండి. బిగింపు సూత్రానికి ఇదే శిఖరం. మడత లోపల ఎలాస్టిక్ దూర్చి లాగి కుడితే పైన కుచ్చులు, కింద ఒంటి మీద ఎర్రటి గీత, మధ్యలో చంక దగ్గర పొంగు. లైనింగు బయటికి తొంగిచూడకుండా పైఅంచు పక్కనే మార్జిన్‌ని లైనింగుకి కలిపి లోపల ఒక కుట్టు వేయడం చాలామంది చేసే పని. వెయ్యకండి, లైనింగుకి కూడా లోకం చూడాలని ఉంటుంది.

కప్పుల గురించి ఎక్కువ చెప్పను. ఎక్కడ పెట్టినా గంటలో వేరే చోట ఉంటాయి, చేతికుట్టుతో పొరకి తగిలించకపోతే మరీ.

ముడతల సంగతి మిగిలింది, ఎందుకంటే ఈ పద్ధతిలో అవి తప్పకుండా వస్తాయి. ముడతలు ఏదో చెబుతాయని నమ్మే టైలర్లున్నారు. నడుము పైన అడ్డంగా ముడతలు పడితే పైభాగం పొడవెక్కువైందని అర్థమట, లేదా తుంటి దగ్గర బిగువై గౌను పైకి తన్నుకొస్తోందట. నిలువుగా మడత పడితే అక్కడ వెడల్పు ఎక్కువ. ఏటవాలు గీతలు ఒక చోటికి పోయి కలుస్తుంటే ఆ చోట గుడ్డ చాల్లేదు, అక్కడ అతుకు విప్పి కాస్త వదలాలి. ఇంత చదువు అక్కర్లేదు. ఏ ముడతకైనా మగ్గం వర్కే మందు. అడ్డ ముడత మీద జర్దోసీ, నిలువు మడత మీద పూసల వరస, ఏటవాలు గీతల మీద నెమలి. వర్కు బరువుకి గౌను ఇంకాస్త కిందికి దిగుతుంది, దిగితే కొత్త ముడతలొస్తాయి, వాటికి కొత్త నెమళ్ళు. వర్కు వేసే షాపువాళ్ళు మిమ్మల్ని చూడగానే కుర్చీ వేస్తారు.

ట్రయల్‌కి అమ్మాయిని అద్దం ముందు నిటారుగా నిలబెట్టి ఊపిరి బిగపట్టమనండి. అద్దంలో బావుంటే బావున్నట్టే. కూర్చోమనకండి. కూర్చుంటే నడుము చుట్టుకొలత పెరుగుతుంది, ఆ సంగతి జిప్పుకి తెలిసిపోతుంది. చేతులు పైకెత్తమనకండి, డీజే పాటకి గంతులేయమనకండి. ముఖ్యంగా వంగమనకండి. మన పెళ్ళిళ్ళలో ఎంత స్ట్రాప్‌లెస్ వేసుకున్నా మేనమామలకీ మేనత్తలకీ కాళ్ళకి దండం పెట్టాల్సిందే, ఆ వంగడం ఎలా ఉంటుందో ట్రయల్ రూములో చూసుకుంటే అమ్మాయికి అనవసరంగా బెంగ. అక్షింతలు పైనుంచి పడతాయి, పైఅంచు నోరు తెరిచి ఉంటుంది. మిగతాది దైవాధీనం.

ఫంక్షన్ రోజు ఒళ్ళంతా బాడీ లోషన్ దట్టంగా పట్టించండి. నున్నటి చర్మం మీద నున్నటి సాటిన్, దేనికీ అడ్డం ఉండదు. రెండువైపులా అంటుకునే టేపు పనికొస్తుందని కొందరంటారు, అది పొడి చర్మానికే అంటుకుంటుంది గనక లోషన్ తర్వాత అంటించండి. ఆడియో వీడియో వాళ్ళకి మాత్రం, గౌను పైకి లాక్కునే దృశ్యాలు ఎడిటింగులో తీసేయమని ముందే చెప్పి ఉంచాలి. అన్నీ తీసేస్తే పాట నిడివి సరిపోదని వాళ్ళు గొడవ పెడితే డ్రోన్ షాట్లతో నింపమనండి. వేదిక మీద మాత్రం ఎడమ చేత్తో బొకే ఛాతీకి ఆనించి పట్టుకోవడం నేర్పండి. కుడిచెయ్యి షేక్‌హ్యాండ్లకి. కేక్ కోయడానికి రెండు చేతులూ కావాలంటే పెళ్ళికొడుకు ఉన్నాడు.

ఫంక్షన్ అయ్యాక గౌనుని పైఅంచు దగ్గర రెండు క్లిప్పులు పెట్టి హ్యాంగరుకి వేలాడదీయండి. నడుము దగ్గర లోపల రిబ్బన్ ఉచ్చులు కుట్టి వాటితో వేలాడదీస్తే పైభాగం సాగదంటారు గానీ, బీరువా తలుపు వేశాక ఎవరు చూడొచ్చారు. ఏడాది తిరిగేసరికి పిన్ని కూతురికి నిశ్చితార్థం కుదిరి, అక్కా, నీ గౌను ఒకసారి ఇవ్వవా అని ఫోన్ చేస్తుంది. ఇచ్చేయండి. ఆ పిల్ల మీకన్నా రెండంగుళాలు లావు. పక్క కుట్లు విప్పుదామంటే మార్జిన్ పావంగుళమే వదిలాం, కాబట్టి వెనక జిప్పు తీసేసి డోరీలు పెట్టించుకోమనండి. డోరీల మధ్య వీపు కనపడుతోందే అంటే దుపట్టా వేసుకోమనండి. దుపట్టా జారిపోతోందక్కా అంటే భుజాల దగ్గర రెండు పిన్నీసులు పెట్టుకోమనండి. పిన్నీసు గుచ్చడానికి భుజం మీద గుడ్డేదీ అని అడుగుతుంది. అప్పుడు రెండు పట్టీలు కుట్టించుకోమని చెప్పండి. రంగు కలవకపోయినా ఫర్వాలేదు, పైన దుపట్టా ఉంటుంది.